కలం పట్టిన చెయ్యి

నోవై, మిషిగన్
1982 నవంబర్ 14

అమ్మా శశికళా,

నీ చిన్నాయన బాగానే ఉన్నాడు. నువ్వు కూడా బాగున్నావని, అందుకే ఉత్తరం రాయడం లేదని అనుకుంటున్నాడు.

నేను ఉదయ్ దగ్గరికి వచ్చి ఆరు వారాలైంది. వాడు పొద్దున్నే కారు అద్దాల మీద మంచు గీక్కుని ఆఫీసుకు పోతాడు. కోడలు రేణు ఆసుపత్రి డ్యూటీకి పోతుంది. నేను కిటికీ దగ్గర కూర్చుని ఎదురింటి వాళ్ల పోస్టు డబ్బాకు కాపలా కాస్తాను. మొన్న ధైర్యం చేసి రోడ్డు పక్కన నడుస్తుంటే ఇద్దరు కార్లు ఆపి, ఏమైనా ఆపద వచ్చిందా అని అడిగారు. ఈ ఊళ్లో ఊరికే నడిచేవాణ్ని చూస్తే అంత జాలి.

శనివారం ఇక్కడి తెలుగువాళ్లందరూ ఒకరింట్లో కలిశారు. మా అన్న కూతురు జెర్సీ సిటీలో ఉండి పీహెచ్‌డీ చేస్తోందని గొప్పగా చెప్పాను. దేనిలో అని అడిగారు. భాషల్లో అన్నాను. కంప్యూటర్ లాంగ్వేజీలా అని ఒకాయన మొహం వెలిగిపోయింది. కాదండీ, మనుషులవే అన్నాక ఆయన పకోడీల వైపు వెళ్లిపోయాడు. నాకు కోపం వచ్చింది, కానీ ఆ తర్వాత ఏం చెప్పాలో నాకూ తెలియలేదు. ముప్ఫై నాలుగేళ్లు బళ్లో తెలుగు చెప్పినవాణ్ని. కాస్త విడమరచి రాయి, అర్థం చేసుకుంటాను. మీ ప్రొఫెసర్ గారెవరో, ఎలాంటివారో అది కూడా రాయి. మీ అమ్మా నాన్నా లేరు గనక ఇవన్నీ అడగవలసినవాణ్ని నేనే.

నీ చిన్నాయన
కొండల్ రావు


జెర్సీ సిటీ
1982 డిసెంబర్ 5

చిన్నాయనకు,

నమస్కారాలు. ఉత్తరం రాయకపోవడానికి బాగుండడం కారణం కాదు, తీరిక లేకపోవడం. రోజూ ట్రైన్‌లో నిలబడి యూనివర్సిటీకి పోయి, నిలబడి తిరిగొస్తాను. ఇక మీదట ఉత్తరాలు డిపార్ట్‌మెంట్‌కే రాయండి, ప్రొఫెసర్ హాల్డెన్ కేరాఫ్. ఇక్కడ మా బిల్డింగ్‌లో పోస్టు డబ్బా తలుపు విరిగి మూడు నెలలైంది, ఎవరూ బాగుచేయరు.

నేను చేసేది స్పానిష్ భాషలో, స్పెయిన్‌లోనే ఒక మూల మాట్లాడే కాటలాన్ భాషలో క్రియలు. మీరు నవ్వకండి, అవే. స్పానిష్‌లో ఒక్కొక్క క్రియకు యాభై పైన రూపాలున్నాయి. నేను, నువ్వు, వాడు, మేము అని మారతాయి. నిన్న, నేడు, రేపు అని మారతాయి. అది మనకూ ఉంది. కానీ అది కాక, చెప్పేవాడి మనసును బట్టి కూడా మారతాయి. "అతను వస్తున్నాడు" అని తెలిసి చెబితే ఒక రూపం, వియెనే. "అతను రావాలని నా కోరిక" అంటే ఆ రావడం ఇంకా జరగలేదు కనక వేరే రూపం, వెంగ. కోరికకు, అనుమానానికి, భయానికి, బతిమాలడానికి అంతా ఆ రెండో వరసే. కాటలాన్‌లో ఇంకో వింత ఉంది. "నేను వెళ్లాను" అనడానికి వాళ్లు "వెళ్తాను వెళ్లడం" అన్నట్టు అంటారు, వాచ్ అనా అని. వర్తమానాన్ని ముందు పెట్టుకుని భూతకాలం చెబుతారు.

స్పానిష్ పుస్తకాల్లో దొరుకుతుంది. కాటలాన్ నాకు మొన్సెరాత్ గారు ఇచ్చింది. ఆవిడకు డెబ్బై ఏళ్లు, మా వీధి చివర బట్టలు కుడతారు. వాళ్ల దేశంలో చాలా ఏళ్లు ఆ భాషను బళ్లో చెప్పనివ్వలేదు. ఆవిడ ఇంట్లో విని నేర్చుకున్నారు, మీరు ఉర్దూ బడిలో చదువుతూ తెలుగు ఇంట్లో నేర్చుకున్నట్టు. నాలుగేళ్లుగా ప్రతి ఆదివారం ఆవిడ కుడుతుంటే నేను పక్కన కూర్చుని అడుగుతున్నాను, కార్డుల మీద రాసుకుంటున్నాను. ఆరువేల కార్డులయ్యాయి. చెప్పుల డబ్బాల్లో పెట్టాను, పడుకోవడానికి తప్ప గదిలో చోటు లేదు.

అదంతా ఇప్పుడు పుస్తకం అవుతోంది. ప్రొఫెసర్ హాల్డెన్ పేరు, నా పేరు రెండూ ఉంటాయని మాట. ఒహాయోలో ఒక చిన్న కాలేజీవాళ్లు, నా పేరున పుస్తకం వస్తే ఉద్యోగం ఇస్తామన్నారు. వీసా కూడా ఆ ఉద్యోగం మీదే ఆధారపడి ఉంది. ఈ పుస్తకం తప్ప నా చేతిలో వేరే ఏమీ లేదు, చిన్నాయనా. పార్టీలో ఈసారి ఎవరైనా అడిగితే ఇంత చెప్పండి చాలు.

శశికళ


నోవై
1983 జనవరి 9

అమ్మా శశికళా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. రెండోసారికి పెన్సిల్ పట్టుకున్నాను. ఆ "మనసును బట్టి మారే" సంగతి చూసి ఎంత సంతోషమైందో చెప్పలేను. మనం రానీ అంటాం, రావాలి అంటాం, వస్తే అంటాం, రావచ్చు అంటాం. నేను పిల్లలకు వీటిని వేరువేరు పాఠాలుగా చెప్పాను. ఒక్క కుటుంబంగా చూడవచ్చునని ఎన్నడూ తోచలేదు. రిటైరైన తర్వాత ఇది తెలియడం కాస్త అన్యాయమే.

రేణు నన్ను పబ్లిక్ లైబ్రరీకి తీసుకువెళ్లి స్పానిష్ క్యాసెట్ ఇప్పించింది. ఆబ్లో, ఆబ్లాస్, ఆబ్లా అని వల్లె వేస్తున్నాను. అతను మాట్లాడినా ఆమె మాట్లాడినా క్రియ ఒకటే అని తెలిసి ఆశ్చర్యపోయాను. మన తెలుగులో అలా కుదరదు, ఆమె నోరు తెరవగానే క్రియ పసిగడుతుంది.

నీ గురువుగారు గొప్పవారని అర్థమైంది. పరాయి దేశపు పిల్లను చేరదీసి, తన పేరు పక్కన పేరు వేయిస్తున్నారంటే మాటలు కాదు. ఆ ఆరువేల కార్డులు చూడాలని ఉంది. ఈలోగా ఇంటి పెద్దగా నేను చేయవలసిన పని ఒకటి చేశాను. వివరం ఇప్పుడు చెప్పను, ఫలితం వచ్చాక నువ్వే తెలుసుకుంటావు.

నీ చిన్నాయన
కొండల్ రావు


జెర్సీ సిటీ
1983 ఫిబ్రవరి 2

చిన్నాయనకు,

నమస్కారాలు. మీ "ఇంటి పెద్దగా చేయవలసిన పని" ఏమిటో నాకు తెలియకపోలేదు. నోవైలో పెళ్లికాని ఇంజనీర్లు ఎందరున్నారో కూడా తెలుసు. నా ఫోటో, జాతకం ఎవరికైనా ఇచ్చి ఉంటే దయచేసి వెనక్కి తీసుకోండి. నాకు ముప్ఫై రెండేళ్లు. ఇప్పుడు నా మనసులో ఈ పుస్తకం ఒక్కటే ఉంది. అది బయటికి వచ్చేదాకా నన్ను ఎవరికీ చూపించకండి, ఎవరినీ నాకు చూపించకండి.

కఠినంగా రాశానని అనుకుంటే అనుకోండి. చివరి ప్రతి టైపు చేస్తున్నాను, వేళ్లు నొప్పిగా ఉన్నాయి. ప్రొఫెసర్ మాత్రం ఈమధ్య చాలా మెత్తబడ్డారు. మొన్న కారిడార్‌లో ఆపి, మీ కుటుంబంవాళ్లు ఎంతో సంస్కారవంతులు అన్నారు. ఎందుకన్నారో తెలియదు, నేను థాంక్యూ అన్నాను.

శశికళ


నోవై
1983 మార్చి 6

అమ్మా,

నీ ఉత్తరం చూసి రెండు రోజులు అన్నం సహించలేదు. ఇంజనీర్లకు నేనేమీ నిన్ను చూపించలేదు. నీ ఫోటో నా దగ్గర ఉన్నది ఒక్కటే, అందులో నీకు తొమ్మిదేళ్లు. మీ నాన్న ముందు నిలబడి నిన్ను యూనివర్సిటీకి పంపమని వాదించింది ఎవరో మరిచిపోయావు.

నేను చేసింది వేరే పని. ఏమిటో అడగకు, చెప్పను. మంచి చేసి చాటుకునే అలవాటు లేదు. నీ కోపం పోయాక ఉత్తరం రాయి. నేను స్పానిష్ క్యాసెట్ మానేశాను.

కొండల్ రావు


జెర్సీ సిటీ
1983 సెప్టెంబర్ 18

చిన్నాయనకు,

ఏడు నెలలు రాయలేదు. మే నెలలో డిగ్రీ వచ్చింది, ఆ సంగతి ఉదయ్‌కు ఫోన్‌లో చెప్పాను, మీతో మాట్లాడే ధైర్యం చేయలేదు. పెళ్లి విషయంలో తొందరపడి అన్నందుకు క్షమించండి.

పుస్తకం వచ్చింది. అట్ట మీద ఒకే పేరు ఉంది, అది నాది కాదు. లోపల ముందుమాటలో చివర పేరాలో, "ఓపికగా టైపు చేసిన" మిస్ శశికళా రావుకు కృతజ్ఞతలు అని ఉంది. పేజీలు తిప్పుతుంటే మొన్సెరాత్ గారు చెప్పిన వాక్యాలు వరసగా వస్తున్నాయి, ఆవిడ సూది పోగొట్టుకున్న వాక్యం కూడా అలాగే ఉంది. ఆవిడ పేరు ఎక్కడా లేదు.

ప్రొఫెసర్ గదికి వెళ్లి అడిగాను. కూర్చోమన్నారు. ఆలోచన తనదనీ, పద్ధతి తనదనీ, నేను చేసింది గుమాస్తా పని అనీ, దాని గురించి మా అందరిలో ఒక అవగాహన ఉందనే తాను అనుకున్నాననీ అన్నారు. మా అందరిలో అంటే ఎవరో నాకు అర్థం కాలేదు. అడిగితే నవ్వారు.

యూనివర్సిటీ కమిటీకి ఫిర్యాదు ఇచ్చాను. నవంబర్ తొమ్మిదిన విచారణకు రమ్మన్నారు. ఆరువేల కార్డులూ నా చేతిరాతలోనే ఉన్నాయి, అంతకంటే సాక్ష్యం ఏం కావాలి? ఒహాయోవాళ్లు డిసెంబర్ దాకా ఆగుతామన్నారు. మీరు ఉత్తరాలు ఇక ఇంటికే రాయండి. నాకు కోపంగా ఉంది, కానీ భయం లేదు. నిజం అట్టపెట్టెల్లో నా మంచం కింద ఉంది.

శశికళ


నోవై
1983 నవంబర్ 7

అమ్మా శశికళా,

నీ ఉత్తరానికి వెంటనే జవాబు రాయలేకపోయాను. కంటి ఆపరేషన్ అయింది, నెల రోజులు చదవడం, రాయడం వద్దన్నారు. రేణు చదివి వినిపించింది. ఎంత ఘోరం. గురువు అన్న మాటకే మచ్చ తెచ్చాడు.

నువ్వు దిగులు పడకు. నీకు చెప్పకుండా దాచిన మంచి పని ఇప్పుడు అక్కరకు వచ్చేలా ఉంది. జనవరిలో నేను మీ ప్రొఫెసర్‌కు ఇంగ్లీషులో ఒక ఉత్తరం రాశాను, ఇంటి పెద్ద పిల్ల గురువుగారికి రాయవలసిన పద్ధతిలోనే. ఆయన మంచి కాగితం మీద జవాబు కూడా ఇచ్చాడు. మన కుటుంబం ఎలాంటిదో, నువ్వు ఎంత వినయంగా పెరిగిన పిల్లవో ఆయనకు తెలుసనడానికి అదే రుజువు. తెలిసి తెలిసి చేశాడంటే తప్పు రెండింతలు. కమిటీకి చూపించు. నా దగ్గర నకలు ఉంది, నీకోసం తెలుగులో రాస్తున్నాను.

"పూజ్యులైన ప్రొఫెసర్ గారికి. నా అన్న కూతురు మీ పాదాల దగ్గర చదువుకోవడం మా వంశం చేసుకున్న పుణ్యం. ఆమెకు తెలిసినదంతా మీరు పెట్టిన భిక్ష. ఆ పుస్తకంలో ఏదైనా మంచి ఉంటే అది మీది, తప్పులుంటే ఆమెవి. ఆమె కేవలం కలం పట్టిన చెయ్యి, రాసేది మీరు. ఆమె పేరు మీ పేరు పక్కన నిలబడడానికి తగినది కాదని మాకు తెలుసు. ఆమెను మీ కూతురిగా చూసుకోండి."

ఇంగ్లీషులో ఇంకా బాగుంది, ఉదయ్ కూడా మెచ్చుకున్నాడు. ఇంత గౌరవం ఇచ్చినవాళ్లకు ఇలా చేస్తారా అని అడుగు.

నీ చిన్నాయన
కొండల్ రావు


జెర్సీ సిటీ
1983 నవంబర్ 10

చిన్నాయనా,

మీరు నాకు చెప్పని మంచి పని ఏమిటో నిన్న తెలిసింది. ఒక పొడుగాటి బల్ల దగ్గర ఐదుగురు కూర్చుని ఉండగా, చైర్మన్ దాన్ని పైకి చదివాడు.

చెప్పుల డబ్బాలన్నీ టాక్సీలో వేసుకుని వెళ్లాను. మొన్సెరాత్ గారు ఉన్న ఒక్క మంచి కోటు వేసుకుని నాతో వచ్చారు, బయట బెంచీ మీద కూర్చున్నారు. నేను కార్డులు తీసి చూపించాను. ప్రతి ఆదివారం తేదీ ఉంది వాటి మీద. వాళ్లు తలలు ఊపారు. అప్పుడు ప్రొఫెసర్ హాల్డెన్ జేబులోంచి మీ ఉత్తరం తీశారు. తాను చెబితే నేను రాసుకున్నానని, ఇది తన మాట కాదు, ఆమె ఇంటి పెద్దే ఈ మాట అంటున్నాడని అన్నారు.

కలం పట్టిన చెయ్యి. పేరు పక్కన నిలబడడానికి తగినది కాదు. తగదని మాకు తెలుసు.

చైర్మన్ నన్ను అడిగాడు, మిస్టర్ రావు మీకు గార్డియన్ లాంటివారా అని. అవునన్నాను. ఆయన భాషా ఉపాధ్యాయుడా అన్నాడు. ముప్ఫై నాలుగేళ్లు అన్నాను. అయితే మాటల విలువ తెలిసినవారే అన్నాడు. మా వైపు గురువుకు ఇలాగే రాస్తారని, ఇది మర్యాద అని, ఎవరూ దీన్ని నిజం అనుకోరని చెప్పాను. ఐదుగురూ నన్ను జాలిగా చూశారు. చైర్మన్ కళ్లజోడు తీసి, "మిస్, మీ అంకుల్ అబద్ధం రాశారంటున్నారా, లేక అబద్ధం చెబుతున్నది మీరా?" అన్నాడు.

నేను కోరికకు, ప్రార్థనకు, గౌరవానికి క్రియ ఎలా రూపం మార్చుకుంటుందో ఆరువేల కార్డులు రాసినదాన్ని. మీ ఉత్తరంలో అలాంటి రూపం ఒక్కటీ దొరకలేదు. మీరు రాసిన ప్రతి వాక్యమూ జరిగిపోయిన సంగతిలా ఉంది. ఇంగ్లీషులో వేరేలా రాయడం మీకు చేతకాలేదు, అందులో అనుమానానికి చోటు లేకుండా రాశారు.

ఫిర్యాదు కొట్టేశారు. మొన్సెరాత్ గారిని లోపలికి పిలవనేలేదు. డబ్బాలు మళ్లీ టాక్సీలో వేసుకుని వచ్చాం. దారంతా ఆవిడ నా చెయ్యి పట్టుకుని కూర్చున్నారు. ఈ రోజు ఒహాయోకు నేనే ఫోన్ చేసి చెప్పాను.

నన్ను ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది.

శశికళ


నోవై
1983 నవంబర్ 21

అమ్మా శశికళా,

మన ఉత్తరాలు దారిలో ఒకదాన్నొకటి దాటుకుని పోయాయి. నేను గొప్పగా నకలు రాసి పోస్టు చేసిన వారానికి నీది వచ్చింది. ఇంతకంటే సిగ్గుచేటు నా జన్మలో లేదు.

అయినా నా మాట కూడా విను. నేను చదువుకున్న కాలంలో తహసీల్దారుకు అర్జీ రాసినా "ఈ తుచ్ఛుడు" అని మొదలుపెట్టాలి. ఎవరైనా ఇంటికొస్తే గరీబ్‌ఖానాకు దయచేయండి అంటాం. అది విని ఎవరైనా నన్ను బీదవాడనుకుని బియ్యం పంపారా? ఎంత తగ్గి రాస్తే అవతలివాడు అంత పైకి లేపుతాడు, అది మర్యాద. నీ పేరు తగదు అని నేనంటే, "అయ్యో, ఆమె పేరే ముందుండాలి" అని ఆయన అనాలి. అంత మాత్రం తెలియనివాడు ప్రొఫెసర్ ఎలా అయ్యాడు? నువ్వు కూడా ఇక్కడి పద్ధతులు ఇలాంటివని నాకెప్పుడైనా చెప్పావా? పెళ్లి సంబంధం అనుకుని నా మీద విరుచుకుపడ్డావు గానీ, ఏం చేశావు చిన్నాయనా అని అడగలేదు. అడిగి ఉంటే ఫిబ్రవరిలోనే తెలిసేది.

పై మాటలు కొట్టివేయాలనుకున్నాను. కొట్టేస్తే మళ్లీ అబద్ధమే అవుతుంది, అందుకని ఉంచాను.

కమిటీ చైర్మన్‌కు నిన్న ఇంకో ఉత్తరం రాశాను, ఉదయ్ టైపు చేశాడు. నాలుగే వాక్యాలు. నేను రాసింది మర్యాదకు రాసింది. నాకు పుస్తకం గురించి ఏమీ తెలియదు. పుస్తకం నా అన్న కూతురిది. కావాలంటే వచ్చి ప్రమాణం చేస్తాను. జవాబు వస్తే పంపుతాను.

చిన్నాయన


నోవై
1983 డిసెంబర్ 8

అమ్మా,

జవాబు వచ్చింది. విషయం ముగిసిందని రెండు లైన్లు.

నువ్వు రాయడం లేదు. ఉదయ్ ఫోన్ చేస్తే పెట్టేస్తున్నావట. నేను పందొమ్మిదిన కెనెడీ ఎయిర్‌పోర్టు నుంచి వెళ్లిపోతున్నాను. ఇక్కడ ఇంక ఉండబుద్ధి కావడం లేదు. పద్దెనిమిది ఆదివారం జెర్సీ సిటీకి వస్తాను. నువ్వు తిట్టదలుచుకుంటే ఎదురుగా కూర్చుని తిట్లు తింటాను.

చిన్నాయన


కెనెడీ విమానాశ్రయం
1983 డిసెంబర్ 19

అమ్మా శశికళా,

నిన్న పొద్దున పదకొండు గంటలకు మీ ఇంటికి వచ్చాను. నువ్వు లేవు. ఆదివారం గనక మొన్సెరాత్ గారి దగ్గర ఉన్నావేమోనని వీధి చివరిదాకా వెళ్లాను, ఆవిడ కొట్టు మూసి ఉంది. మళ్లీ వచ్చి మెట్ల మీద కూర్చున్నాను. పక్క వాటాలో ఉండే క్యూబా పెద్దాయన కుర్చీ తెచ్చి వేశాడు, చిన్న కప్పులో చిక్కటి కాఫీ ఇచ్చాడు. ఎంతో మంచివాడు. ఇద్దరం మూడు గంటలు మాట్లాడుకున్నాం. నీ కోసం తెచ్చిన సంచీ ఆయనకు ఇచ్చాను, నువ్వుల ఉండలు, మీ పిన్ని శాలువా ఉన్నాయి.

విమానానికి పిలుస్తున్నారు. నువ్వు ఇంట్లో లేకపోవడమే మంచిదైందేమో. ఎదురుగా ఉంటే నాకు మాట వచ్చేది కాదు.

కొండల్ రావు


జెర్సీ సిటీ
1984 జనవరి 15

చిన్నాయనకు,

సంచీ అందింది. శాలువా కప్పుకునే రాస్తున్నాను, హీటర్ సరిగ్గా పనిచేయడం లేదు. ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో చేరాను. స్పానిష్ వాళ్లు నింపిన కాగితాలు ఇంగ్లీషులోకి తిప్పుతాను. మే నెల దాకా ఈ దేశంలో ఉండనిస్తారు, తర్వాత సంగతి తెలియదు. వచ్చే ఏడు ప్రొఫెసర్ పుస్తకం రెండో ముద్రణ వస్తుందట.

మీకు అబద్ధం రాయడం నాకు ఇష్టం లేదు. మీరు వచ్చిన రోజు నేను లోపలే ఉన్నాను.

మీరు మెట్లెక్కేటప్పుడే దగ్గు విని గుర్తుపట్టాను. తలుపు తట్టారు, పేరు పెట్టి పిలిచారు. నేను మంచం మీద కూర్చుని ఉన్నాను. తలుపు ఐదడుగుల దూరంలో ఉంది. మీరు క్యూబా ఆయనతో మాట్లాడిందంతా విన్నాను. మీకు తెలియదేమో, ఆయనకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. సీ, సీ అంటూ కాఫీ పోశాడు.

ఆయన ఏమీ అడగకుండానే మీరు చెప్పారు. "లోపల ఉండే అమ్మాయి మా అన్న కూతురు. పెద్ద పుస్తకం రాసింది. ఆమే రాసింది, మొత్తం. ఇంకెవరూ రాయలేదు" అన్నారు. ఆయనకు వినపడలేదనుకుని మళ్లీ గట్టిగా చెప్పారు. వినయం లేదు, దయ లేదు, భిక్ష లేదు. ఇంగ్లీషులో అంత సూటిగా మీరు చెప్పగలరని నాకు తెలియదు.

ఆ మాట ఆ మూడు గంటల్లో ఎన్నిసార్లు అన్నారో లెక్కపెట్టాను. పదకొండు సార్లు. ప్రతిసారీ లేచి తలుపు తీద్దామనుకున్నాను.

మీరు కుర్చీ వెనక్కి జరిపిన చప్పుడైంది. సంచీ ఆయనకు అప్పగించారు. ఒక్కొక్క మెట్టూ దిగారు, మధ్యలో ఒకచోట ఆగారు. నేను కూర్చునే ఉన్నాను.

శశికళ